ఎస్‌ఈసీ ఫుట్‌బాల్ టైటిళ్లు, 1933–2024: లెక్క ఎందుకు కుదరడం లేదు?

పట్టిక1933 (ప్రశ్న)

సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే ఎస్‌ఈసీ (అమెరికా యూనివర్సిటీ జట్ల లీగ్‌లలో ఒకటి), అమెరికన్ ఫుట్‌బాల్ చాంపియన్లను 1933 నుంచి 2024 సీజన్ దాకా ఏడాదివారీగా ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తున్నాను. పేర్లు నింపడం అయిపోయింది. కూడికల దగ్గర ఆగిపోయాను. తెలిసినవాళ్లు ఈ సందేహాలు తీర్చగలరా?

1. మొత్తం 92 సీజన్లు. కానీ నా జాబితాలో స్కూళ్ల టైటిళ్లన్నీ కూడితే 103 వస్తోంది. ఎక్కడో రెండుసార్లు ఎక్కించానా?
2. అలబామాకు ఒకచోట 30 టైటిళ్లని, ఇంకోచోట 34 అని ఉంది. ఏది తీసుకోవాలి?
3. 1984 ఎదురుగా కొన్ని జాబితాల్లో ఫ్లోరిడా పేరుంది, కొన్నింట్లో ఖాళీగా వదిలేశారు.
4. 1988లో ఆబర్న్, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) సంయుక్త విజేతలు. ఆ ఏడు ఆబర్న్‌ను ఎల్‌ఎస్‌యూ ఓడించింది కదా, మరి పంచుకోవడమేంటి?
5. 2024 పట్టికలో (గెలుపులు-ఓటములు) టెక్సస్ 7-1, జార్జియా 6-2. విజేత మాత్రం జార్జియా. ఆ వరుస ఎలా రాయాలి?

పాతస్కోర్లు

మీ 103 తప్పు కాదండీ. సరిగ్గా అంతే రావాలి.

1933 నుంచి 2024 వరకు 92 సీజన్లు. అందులో 1984 టైటిల్ రద్దయింది కాబట్టి విజేతలున్న సీజన్లు 91. వాటిలో పదింటిలో టైటిల్‌ను ఒకరికి మించి పంచుకున్నారు. ఇద్దరేసి పంచుకున్నవి 1934, 1946, 1951, 1961, 1966, 1976, 1981, 1988. ముగ్గురు పంచుకున్నవి 1939, 1989. ఇద్దరున్న చోట ఒకటి, ముగ్గురున్న చోట రెండు అదనంగా వస్తాయి. అంటే 8 + 4 = 12. 91కి 12 కలిపితే 103.

స్కూళ్లవారీగా మీ కూడిక ఇలా ఉండాలి: అలబామా 30, జార్జియా 15, టెనెసీ 13, ఎల్‌ఎస్‌యూ 12, ఫ్లోరిడా 8, ఆబర్న్ 8, ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) 6, జార్జియా టెక్ 5, ట్యులేన్ 3, కెంటకీ 2, మిసిసిపీ స్టేట్ 1. వాండర్‌బిల్ట్ మొదటి ఏడాది నుంచీ ఉంది, ఒక్కటీ లేదు. సెవానీ 1940లో వెళ్లిపోయింది. అప్పటిదాకా ఆడిన ఎస్‌ఈసీ మ్యాచ్‌లు 37, అన్నీ ఓటములే. తర్వాత చేరిన ఆర్కన్సా, సౌత్ కరొలైనా, మిజోరీ, టెక్సస్ ఎ అండ్ ఎం, ఓక్లహోమా, టెక్సస్‌లకు 2024 వరకు సున్నా.

ఇక 30, 34 సంగతి. 1932 డిసెంబరులో సదరన్ కాన్ఫరెన్స్ నుంచి 13 స్కూళ్లు విడిపోయి ఎస్‌ఈసీగా ఏర్పడ్డాయి. అలబామా అంతకుముందు సదరన్ కాన్ఫరెన్స్‌లో 1924, 1925, 1926, 1930లో గెలిచింది. 34లో ఆ నాలుగూ కలిసి ఉన్నాయి. స్కూలు తన చరిత్ర రాసుకునేటప్పుడు 'కాన్ఫరెన్స్ టైటిళ్లు' అని అన్నీ కలిపి చెప్పుకుంటుంది. అది అబద్ధం కాదు, మీ పట్టికకు పనికిరాదు, అంతే. టెనెసీకి కూడా ఇలాగే 13 బదులు 16 కనిపిస్తుంది. మీది ఎస్‌ఈసీ పట్టిక కాబట్టి 1933 ముందువి ఏవీ రానివ్వకండి.

1988 గురించి. 1991 వరకు ఎస్‌ఈసీలో ఫైనల్ మ్యాచ్ అనేదే లేదు. కాన్ఫరెన్స్ మ్యాచ్‌ల్లో గెలుపు శాతం ఎవరిది ఎక్కువైతే వాళ్లే చాంపియన్. శాతం సమానమైతే ఇద్దరూ చాంపియన్లే. వాళ్లలో వాళ్లు ఆడినప్పుడు ఎవరు గెలిచారన్నది టైటిల్ విషయంలో చూసేవాళ్లు కాదు. బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ 7-6తో ఆబర్న్‌ను ఓడించింది నిజమే. సీజన్ చివరికి ఇద్దరూ 6-1 కాబట్టి ఇద్దరికీ టైటిల్. పైగా సీజన్ ముగిశాక జరిగే పెద్ద మ్యాచ్ షుగర్ బౌల్‌కు వెళ్లింది ఆబర్న్.

పంచుకున్న పది సీజన్లలో ఏడు మాత్రం వేరే రకం. 1934, 1939, 1946, 1951, 1961, 1966, 1981లో విజేతలెవరూ కాన్ఫరెన్స్‌లో ఓడలేదు. అసలు ఒకరితో ఒకరు తలపడనే లేదు. 1966లోనూ, 1981లోనూ అలబామా 6-0, జార్జియా 6-0. షెడ్యూల్లో ఆ మ్యాచ్ లేదు, ఎవరు మేలో తేల్చే దారీ లేదు. 1939లోనైతే టెనెసీ 6-0, జార్జియా టెక్ 6-0, ట్యులేన్ 5-0.

1989ది నాకు అన్నిటికంటే ఇష్టమైన వరుస. టెనెసీ 21-14తో ఆబర్న్‌ను, అలబామా 47-30తో టెనెసీని, ఆబర్న్ 30-20తో అలబామాను ఓడించాయి. ముగ్గురూ 6-1. చివరి మ్యాచ్ అలబామా తొలిసారి ఆబర్న్ ఊళ్లో ఆడిన ఐరన్ బౌల్ (ఈ రెండు స్కూళ్ల మధ్య మ్యాచ్‌కు ఆ పేరు). అలబామా అక్కడ గెలిచి ఉంటే మీ పట్టికలో ఆ ఏడాదికి ఒకే పేరు ఉండేది.

శాతాలగారు

పైన చెప్పిన 'గెలుపు శాతం' దగ్గరే చాలామంది జారిపడతారు, కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

అందరూ ఒకే సంఖ్యలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడేవాళ్లు కాదు. ఒకరు ఐదు, ఇంకొకరు ఎనిమిది. అందుకని గెలుపుల సంఖ్యను బట్టి వరుస పెడితే తప్పు వస్తుంది. ఎవరు ఎవరిని ఓడించారన్నది పట్టుకున్నా తప్పే వస్తుంది. ఈ రెండూ చూడండి.

1950: కెంటకీ 5-1, టెనెసీ 4-1. కెంటకీకి ఉన్న ఆ ఒక్క ఓటమి టెనెసీ చేతిలోనే, 7-0. అయినా చాంపియన్ కెంటకీ. 5ను 6తో భాగిస్తే 0.833, 4ను 5తో భాగిస్తే 0.800.

1972: అలబామా 7-1, ఆబర్న్ 6-1. ఆఖరి మ్యాచ్‌లో ఆబర్న్ రెండు పంట్లను (బంతిని దూరంగా తన్నే కిక్‌లను) అడ్డుకుని, రెండింటినీ టచ్‌డౌన్లు చేసి 17-16తో గెలిచింది. టైటిల్ మాత్రం అలబామాకే. 0.875కి 0.857. ఆబర్న్ ఒక్క కాన్ఫరెన్స్ మ్యాచ్ అదనంగా ఆడి గెలిచి ఉంటే ఇద్దరూ సమానం అయ్యేవాళ్లు. ఎంత పేరుమోసిన గెలుపైనా పట్టికలో ఒక గెలుపుగానే లెక్క.

డ్రాలు ఉన్న సీజన్లకు సూత్రం ఇది: గెలుపులకు డ్రాల్లో సగం కలిపి, మొత్తం మ్యాచ్‌లతో భాగించాలి. 1953లో అలబామా 4-0-3తో చాంపియన్. ఏడు మ్యాచ్‌లలో మూడు డ్రాలు! 4 + 1.5 = 5.5, 5.5ను 7తో భాగిస్తే 0.786. వెనకున్న జార్జియా టెక్ 4-1-1, అంటే 0.750. 1996లో ఓవర్‌టైమ్ వచ్చాక డ్రాలే లేవు, ఆ కాలమ్‌లో అక్కడి నుంచి సున్నాలే.

స్ప్రెడ్‌షీట్ విషయంలో ఒక ముఖ్యమైన మాట. 6-1 అని ఒకే గడిలో టైప్ చేస్తే అది తేదీగా మారిపోతుంది, జనవరి 6 అనో జూన్ 1 అనో చూపిస్తుంది. తర్వాత ఫార్మాట్ మార్చినా అసలు అంకెలు తిరిగి రావు, ఏదో ఐదంకెల సంఖ్య మిగులుతుంది. గెలుపు, ఓటమి, డ్రా మూడూ వేర్వేరు కాలమ్‌లలో పెట్టండి. శాతం నాలుగో కాలమ్‌లో సూత్రంతో రావాలి, చేత్తో రాయొద్దు. ఇప్పటికే ఒకే గడిలో ఎక్కించి ఉంటే, కొత్త కాలమ్‌ను ముందు టెక్స్ట్‌గా మార్చుకుని మళ్లీ ఎక్కించడమే మార్గం.

1943 వరుస చూసి కంగారు పడకండి. జార్జియా టెక్ 3-0తో చాంపియన్. యుద్ధం మూలంగా ఆ ఏడు అలబామా, టెనెసీ, ఆబర్న్ లాంటి స్కూళ్లు జట్టే దింపలేదు.

మూడోడౌన్

1984 మీద నేను రాస్తాను. పట్టికలో జాగ్రత్త పడాల్సిన గడులన్నీ ఈ కోవలోనే ఉన్నాయి.

మూడు వేర్వేరు సంగతులను జనం కలిపేస్తుంటారు. గెలిచిన టైటిల్‌ను తర్వాత రద్దు చేయడం ఒకటి. శిక్షలో ఉండి, ఎంత బాగా ఆడినా టైటిల్‌కు మొదటే అర్హత లేకపోవడం రెండోది. ఆడిన మ్యాచ్ ఫలితాన్నే తర్వాత తిరగరాయడం మూడోది.

మొదటి రకం 1984. ఫ్లోరిడా కాన్ఫరెన్స్‌లో 5-0-1. స్కూలు చరిత్రలో మొదటి ఎస్‌ఈసీ టైటిల్. నిబంధనల ఉల్లంఘన తేలాక, 1985లో కాన్ఫరెన్స్ ఆ టైటిల్‌ను రద్దు చేసింది. రెండో స్థానంలో ఉన్న జట్టుకు ఇవ్వలేదు. మీ గడిలో 'రద్దు' అని రాయండి. ఖాళీగా వదిలితే డేటా దొరకలేదేమో అనుకుంటారు, ఫ్లోరిడా అని రాస్తే కూడిక 104 అవుతుంది.

రెండో రకానికి ఎక్కువ ఉదాహరణలు ఉన్నాయి. 1985లో ఫ్లోరిడా 5-1, టెనెసీ 5-1. టెనెసీని ఫ్లోరిడా 17-10తో ఓడించింది కూడా. ఫ్లోరిడాకు అర్హత లేదు, చాంపియన్ టెనెసీ ఒక్కటే. 1990లో ఫ్లోరిడా 6-1తో పైన ఉంది, 5-1-1తో టెనెసీ చాంపియన్. అందుకే ఫ్లోరిడా అధికారిక టైటిళ్లు 1991లో 7-0తో మొదలవుతాయి. 1993లో ఆబర్న్ కాన్ఫరెన్స్‌లో 8-0, మొత్తంగా 11-0. అలబామాను 22-14తో ఓడించింది. అయినా వెస్ట్ డివిజన్ తరఫున ఫైనల్‌కు (1992 నుంచి ఈస్ట్, వెస్ట్ డివిజన్ల మధ్య ఫైనల్ ఉండేది) వెళ్లింది అలబామా. 2002లో ఆ అలబామాకే అదే పరిస్థితి: 6-2తో వెస్ట్‌లో అందరికంటే పైన ఉన్నా నిషేధం, ఆ చోటులో ఆర్కన్సా ఆడింది, జార్జియా చేతిలో 30-3తో ఓడింది.

మూడో రకం 1976. అప్పట్లో జార్జియా 5-1తో ఒక్కటే పైన ఉంది. కెంటకీ 4-2. కెంటకీ ఓటముల్లో ఒకటి మిసిసిపీ స్టేట్ చేతిలో, 14-7. తర్వాత మిసిసిపీ స్టేట్ తన గెలుపులను వదులుకోవాల్సి వచ్చింది. దాంతో ఆ ఓటమి కెంటకీకి గెలుపుగా మారి 5-1 అయింది, టైటిల్‌లో వాటా వచ్చింది. జార్జియా మైదానంలో కెంటకీని 31-7తో ఓడించిన సంగతి దీనికి అడ్డు రాలేదు. పాత పేపర్ల నుంచి ఎక్కిస్తే కెంటకీకి ఒకటే టైటిల్ వస్తుంది. కాన్ఫరెన్స్ రికార్డులో రెండు. రెండే సరైనది.

1993లో అలబామా రికార్డు కూడా ఈ రకమే. ఒక ఆటగాడి అర్హత విషయంలో 1995లో వచ్చిన తీర్పుతో మైదానంలోని 9-3-1 కాస్తా అధికారికంగా 1-12 అయింది. ఫైనల్లో ఎటూ ఫ్లోరిడా 28-13తో గెలిచింది కాబట్టి చాంపియన్ గడి మారదు. మీరు రెండో జట్టు రికార్డు కూడా రాస్తుంటే మాత్రం, మైదానంలోని అంకె ఒక కాలమ్‌లో, అధికారిక అంకె మరో కాలమ్‌లో పెట్టాల్సిందే.

పట్టిక1933

చాలా స్పష్టంగా చెప్పారు, ముగ్గురికీ ధన్యవాదాలు. 1976 దగ్గర నా పట్టికలో కెంటకీ ఉంది, ఎందుకుందో తెలియక తీసేద్దామనుకున్నాను! 103లో అది కూడా కలిసే ఉందన్నమాట.

ఇంకో రెండు ప్రశ్నలు. సంయుక్త టైటిల్‌ను ఒక్కొక్కరికి ఒకటి బదులు సగం, మూడో వంతు అని లెక్కిస్తే బాగుంటుందా? 1992 నుంచి ఫైనల్ వచ్చాక లీగ్ పట్టికకూ టైటిల్‌కూ లంకె ఎలా ఉంటుంది?

శాతాలగారు

సగాలు లెక్కించడం నేనైతే మంచిదే అంటాను. ఓడకుండా ఒంటరిగా గెలిచినవాళ్లకూ, ముగ్గురిలో ఒకరిగా నిలిచినవాళ్లకూ ఒకే అంకె వేయడం న్యాయం కాదు. అలా చేస్తే అలబామాకు 25 ఒంటరివి, నాలుగు సగాలు, ఒక మూడో వంతు: 27.33. ట్యులేన్‌కు 1.83. అన్నీ కూడితే కచ్చితంగా 91 రావాలి, అదీ ఒక తనిఖీ.

పాతస్కోర్లు

నేను ఒప్పుకోనండీ. టైటిల్ ఇచ్చేది కాన్ఫరెన్స్. అది సగం టైటిల్ ఎప్పుడూ ఇవ్వలేదు, ఇద్దరికీ పూర్తిగానే ఇచ్చింది. 1.83 టైటిళ్లు అంటే చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు. 'ఒంటరి', 'సంయుక్తం' అని రెండు కాలమ్‌లు పెడితే మీరన్న తేడా అంకెల్లోనే కనిపిస్తుంది: అలబామా 25 + 5, జార్జియా 11 + 4, ఎల్‌ఎస్‌యూ 10 + 2, టెనెసీ 9 + 4, ఆబర్న్ 6 + 2, జార్జియా టెక్ 3 + 2, ట్యులేన్ 1 + 2, కెంటకీ 1 + 1. ఫ్లోరిడా 8, ఓల్ మిస్ 6, మిసిసిపీ స్టేట్ 1 మొత్తం ఒంటరివే. ఒంటరివన్నీ కూడితే 81 రావాలి, సంయుక్తం 22.

ఓల్ మిస్ వరుసలో 1947, 1954, 1955, 1960, 1962, 1963 ఉన్నాయో లేదో చూసుకోండి. ఆరూ ఒకే కోచ్, జానీ వాట్ హయాంలోవి. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె అక్కడే ఉంది.

శాతాలగారు

సరే, రెండు కాలమ్‌ల పద్ధతిలో నేను కోరిన సమాచారం పోవడం లేదు. ఒప్పుకుంటున్నాను. 91 తనిఖీని మాత్రం పక్కన ఉంచుకోండి.

తూర్పుపడమర

ఫైనల్ సంగతి నేను చెబుతాను.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల్లో 1980ల నుంచి ఒక వెసులుబాటు ఉంది. కాన్ఫరెన్స్‌లో 12 స్కూళ్లుండి, రెండు డివిజన్లుగా ఆడితే, వాటి విజేతల మధ్య ఒక అదనపు మ్యాచ్ పెట్టుకోవచ్చు. ఆ మ్యాచ్ సీజన్ మ్యాచ్‌ల పరిమితిలోకి రాదు. అది చిన్న డివిజన్ కాన్ఫరెన్సుల కోసం వచ్చిన నిబంధన. పెద్ద స్థాయిలో దాన్ని మొదట వాడుకుంది ఎస్‌ఈసీ, అప్పటి కమిషనర్ రాయ్ క్రేమర్. జార్జియా టెక్ 1964లో, ట్యులేన్ 1966లో వెళ్లిపోయాక పది స్కూళ్లే మిగిలాయి. ఆర్కన్సా, సౌత్ కరొలైనా చేరడంతో 12 అయ్యాయి. 1992 నుంచి ఈస్ట్, వెస్ట్ డివిజన్లు, ఒక్కొక్కరికి 8 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, చివర్లో ఫైనల్.

మొదటి రెండు ఫైనల్స్ బర్మింగ్‌హామ్‌లోని లీజియన్ ఫీల్డ్‌లో, 1994 నుంచి 2016 వరకు అట్లాంటాలోని జార్జియా డోమ్‌లో, 2017 నుంచి అక్కడే మెర్సిడెస్-బెంజ్ స్టేడియంలో. వేదిక కాలమ్‌కు ఇంతే, మూడు పేర్లు.

అప్పట్లో చాలామంది కోచ్‌లు ఈ మ్యాచ్‌కు భయపడ్డారు. ఓటమి లేకుండా వచ్చిన జట్టు ఇక్కడ ఓడితే జాతీయ టైటిల్ చేజారుతుందని. ఆ భయం మొదటి ఏడాదే దాదాపు నిజమయ్యేది. 1992 డిసెంబరు 5న, ఓటమి ఎరగని అలబామా నాలుగో క్వార్టర్‌లో ఫ్లోరిడాతో 21-21 దగ్గర ఉంది. ఆంటోనియో లాంగమ్ ఒక పాస్‌ను అడ్డంగా పట్టుకుని 27 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 28-21. అలబామా షుగర్ బౌల్‌లో మయామీని 34-13తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. నిజంగా దెబ్బ తిన్నది 2001లో టెనెసీ: ఎల్‌ఎస్‌యూ 31-20తో గెలిచి వాళ్ల జాతీయ ఫైనల్ అవకాశాన్ని లాక్కుంది. 2023లో జార్జియా 12-0తో, ఒకటో ర్యాంకుతో వచ్చి అలబామా చేతిలో 27-24తో ఓడి, జాతీయ టైటిల్ కోసం జరిగే నాలుగు జట్ల ప్లేఆఫ్ నుంచే బయటికి పోయింది. ఇంకోవైపు 2006లో ఫ్లోరిడా ఆర్కన్సాను 38-28తో ఓడించడం వల్లే జాతీయ ఫైనల్‌కు ఎక్కగలిగింది.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు: 1992 నుంచి లీగ్ పట్టిక ఫైనల్‌కు ఎవరు వెళ్లాలో మాత్రమే చెబుతుంది. టైటిల్ ఇచ్చేది ఫైనల్. ఆ మ్యాచ్ ఫలితం లీగ్ గెలుపు-ఓటముల్లో కలవదు. అందుకే 2024 వరుసలో జార్జియా 6-2, పక్కనే ఫైనల్: జార్జియా 22, టెక్సస్ 19, ఓవర్‌టైమ్. ఈ ఫైనల్ ఓవర్‌టైమ్‌కు వెళ్లడం అదే మొదటిసారి. 'ఎలా తేలింది' అని ఒక కాలమ్ పెట్టి, 1991 వరకు 'శాతం', 1992 నుంచి 'ఫైనల్' అని రాయండి. అది లేకపోతే 2024 లాంటి వరుసలు చదివేవాళ్లకు తప్పుల్లా కనిపిస్తాయి.

తనిఖీకి: 1992 నుంచి 2024 వరకు 33 ఫైనల్స్, గెలిచినవి ఆరే స్కూళ్లు. అలబామా 11, ఫ్లోరిడా 7, జార్జియా 5, ఎల్‌ఎస్‌యూ 5, ఆబర్న్ 3, టెనెసీ 2. డివిజన్లున్న 32 ఏళ్లలో వెస్ట్ 19, ఈస్ట్ 13. 1993 నుంచి 1998 వరకు వరుసగా ఆరు ఈస్ట్‌వే. 2009 నుంచి 2016 వరకు వరుసగా ఎనిమిది వెస్ట్‌వే. ఈ రెండు వరుసలు మీ పట్టికలో తెగితే ఎక్కడో పేరు తారుమారైందని అర్థం.

మూడోడౌన్

పై జవాబుకు ఒక చేర్పు. ఫైనల్‌కు ఎవరు వెళ్లాలన్న దగ్గర టైబ్రేకర్లు కూడా నోట్స్‌లో రాయండి, లేకపోతే 2003 అర్థం కాదు. ఆ ఏడు వెస్ట్‌లో ఎల్‌ఎస్‌యూ, ఓల్ మిస్ ఇద్దరూ 7-1. ఎల్‌ఎస్‌యూ 17-14తో ఓల్ మిస్‌ను ఓడించింది కాబట్టి అదే వెళ్లింది. 1988 నాటి పద్ధతిలో ఇద్దరూ పైనే ఉండేవాళ్లు; డివిజన్ల కాలంలో ముఖాముఖి మ్యాచే తేల్చేసింది. అదే ఏడు ఈస్ట్‌లో జార్జియా, టెనెసీ, ఫ్లోరిడా ముగ్గురూ 6-2, ఒకరినొకరు చుట్టుతిరిగి ఓడించుకున్నారు. అక్కడ బీసీఎస్ (అప్పట్లో జాతీయ ఫైనల్‌కు జట్లను ఎంచే పద్ధతి) ర్యాంకింగ్ చూసి జార్జియాను పంపారు.

డివిజన్లు 2024లో పోయాయి. ఓక్లహోమా, టెక్సస్ చేరి స్కూళ్లు 16 అయ్యాక, మొత్తం పట్టికలో మొదటి రెండు జట్లు ఫైనల్ ఆడుతున్నాయి. సమానమైతే ముందు ముఖాముఖి చూస్తారు. అక్కడ తేలకపోతే ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులపై రికార్డు, తర్వాత ఆ ఉమ్మడి ప్రత్యర్థుల్లో పై స్థానంలో ఉన్నవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరిపై ఫలితం, ఆపైన తాము ఆడిన కాన్ఫరెన్స్ ప్రత్యర్థులందరి మొత్తం గెలుపు శాతం. అదీ సమానమైతే పరిమితి పెట్టిన పాయింట్ల తేడా, చివరికి లాటరీ. 2024లో మొదటి మెట్టు మీదే తేలిపోయింది: జార్జియా, టెనెసీ ఇద్దరూ 6-2, జార్జియా 31-17తో టెనెసీని ఓడించింది.

16 జట్లలో ఒక్కొక్కరు 8 మందితోనే ఆడితే, ఒకరితో ఒకరు ఆడని జట్లు సమానంగా నిలవడం మళ్లీ మామూలైపోతుంది. 1966 నాటి చిక్కే ఇది. 2026 నుంచి 9 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు అని ప్రకటించారు. ఏటా ఆడే ప్రత్యర్థులు ముగ్గురు, మారుతూ ఉండేవాళ్లు ఆరుగురు. చిక్కు కొంత తగ్గుతుంది, పోదు. మీ శాతం సూత్రంలో 8 అని నేరుగా రాసి ఉంటే ఇప్పుడే మార్చేయండి. మ్యాచ్‌ల సంఖ్యను గెలుపులు, ఓటములు, డ్రాల కూడికగానే తీసుకోవాలి. 2020లో కరోనా వల్ల కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు 10 పెట్టారు, అందరూ పదీ ఆడలేదు కూడా. 8 అని రాసి ఉంటే ఆ వరుస ఇప్పటికే తప్పు చూపిస్తూ ఉంటుంది.

పాతస్కోర్లు

పేర్ల విషయంలో రెండు జాగ్రత్తలు. పాత పట్టికల్లో 'మిసిసిపీ' అని ఒట్టిగా ఉంటే అది ఓల్ మిస్, మిసిసిపీ స్టేట్ కాదు. స్టేట్‌కు ఉన్నది 1941 ఒక్కటే, 4-0-1తో. రెండోది ఆబర్న్. 1960 వరకు ఆ స్కూలు అధికారిక పేరు అలబామా పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్. 1957 చాంపియన్‌ను ఆ పేరుతో రాసిన చోట నుంచి తెచ్చుకుంటే, పేరులో 'అలబామా' చూసి ఫిల్టర్ దాన్ని అలబామాలో కలిపేస్తుంది. అప్పుడు అలబామాకు 31, ఆబర్న్‌కు 7 వస్తాయి. మొత్తం మాత్రం 103గానే ఉంటుంది కాబట్టి ఆ తప్పు మొత్తంలో దొరకదు. స్కూలువారీ అంకెలు విడిగా సరిచూడాలి.

ఇంకొకటి. జాతీయ టైటిల్ కాలమ్ కూడా పెడితే, దాన్ని కాన్ఫరెన్స్ విజేత వరుసకు అంటించకండి. 2011లో ఎస్‌ఈసీ చాంపియన్ ఎల్‌ఎస్‌యూ, జాతీయ చాంపియన్ అలబామా; డివిజన్ కూడా గెలవకుండానే ఫైనల్లో ఎల్‌ఎస్‌యూను 21-0తో ఓడించింది. 2017లో ఎస్‌ఈసీ జార్జియాది, జాతీయ టైటిల్ అలబామాది. 2021లో తిరగబడింది: ఎస్‌ఈసీ ఫైనల్లో అలబామా 41-24, జాతీయ ఫైనల్లో జార్జియా 33-18. విడి కాలమ్, విడి పేరు.

పట్టిక1933

సరిచేశాను. మొత్తం 103, ఒంటరివి 81, ఫైనల్స్ 33, సగాల తనిఖీ 91, నాలుగూ కుదిరాయి. 1957 గడిలో పాత పేరే ఉంది, మార్చాను. దానివల్లే నా అలబామా అంకె ఇంతవరకూ 31 దగ్గర ఆగిపోయింది.

చివరిగా ఒకటి: జార్జియా టెక్, ట్యులేన్ ఇప్పుడు ఎస్‌ఈసీలో లేవు కదా. వాటి 5, 3 పట్టికలో ఉంచాలా?

పాతస్కోర్లు

ఉంచాలి. గెలిచినప్పుడు సభ్యులే. తీసేస్తే 1943, 1944, 1949, 1952 సీజన్లకు చాంపియనే ఉండడు. పేరు పక్కన 'మాజీ' అని గుర్తు పెట్టండి, చాలు.